నల్ల గ్రానైటు కింద ఏ రంగు?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేటలో ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇల్లు. వంటగది ఆగ్నేయంలో ఉంది. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. ఎల్ ఆకారంలో ఉన్న వంటగట్టుకు బంగారు చుక్కలున్న నల్ల గ్రానైటు, గట్టు మీది గోడకు దంతపు రంగు టైల్స్, నేలకు దాదాపు అదే రంగు టైల్స్ ఉన్నాయి. గుమ్మమూ కిటికీ చట్రమూ పాలిష్ చేసిన టేకువి. వీటిలో ఏదీ మార్చడం లేదు. గట్టు కింది కడప బండల అరలకు కొత్త తలుపులు, గోడకు పైన కప్‌బోర్డులు, వాటి మీది సజ్జకు తలుపులు పెట్టించాలనుకుంటున్నాం. తూర్పున కిటికీ ఒక్కటే. నాలుగడుగుల అవతల పక్కింటి గోడ ఉంటుంది. కింద ముదురు నీలం, పైన తెలుపు బాగుంటాయని మా అమ్మాయి, నిగనిగలాడే ఎరుపు కావాలని మావారు అంటున్నారు. ఆ గదిలో ఎక్కువసేపు పనిచేసేది డెబ్బై దాటిన మా అత్తగారు. ఆవిడ ‘చీకటి చేయకండి, అంతే చాలు’ అన్నారు. కార్పెంటరు ఇచ్చిన కేటలాగును ఎన్నిసార్లు తిరగేసినా తేల్చుకోలేకపోతున్నాం. ఏ రంగుల జత మంచిదో చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట మీ అత్తగారిదే. రోజులో ఎక్కువ గంటలు ఆ గట్టు ముందు నిలబడేది ఆవిడ కాబట్టి, ఆవిడ కంటికి అనుకూలమైన రంగులనే ముందుగా ఎంచుకుని, తక్కినవారి ఇష్టాలను వాటిలో ఎక్కడ ఇమడ్చవచ్చో తర్వాత చూద్దాం. నా సలహా ఇది: పై కప్‌బోర్డులకూ సజ్జకూ మీ టైల్స్‌తో కలిసిపోయే మీగడ తెలుపు, గట్టు కింద గోరింటాకు పొడి రంగులో, కొద్దిగా బూడిద కలిసినట్లుండే ఆకుపచ్చ. రెండూ అద్దంలా మెరిసేవి కాకుండా చూసుకోండి. ఎందుకు ఈ జత అన్నది కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే కారణాలు తెలిస్తే మీ కేటలాగులో అచ్చంగా ఈ రంగే దొరకకపోయినా దగ్గరిది ఏదో మీరే పోల్చుకోగలరు.

కేటలాగు తిప్పేటప్పుడు మనం రంగులను ఒక్కొక్కటిగా చూస్తాం; అక్కడ ప్రతి రంగూ బాగానే ఉంటుంది. మీ వంటగదిలో మాత్రం ఇప్పటికే నలుపు, దంతపు రంగు, టేకు రంగు స్థిరంగా ఉన్నాయి, ఫ్రిజ్ స్టీలుదైతే దాని బూడిద రంగు కూడా ఉంటుంది. కొత్తగా వచ్చే రంగు వాటి పక్కన నిలబడాలి. అందుకే ముందుగా గ్రానైటును దగ్గరగా పరిశీలించండి. నల్ల రాతిలో బంగారు రాగి చుక్కలు మెరుస్తుంటే అది ఒంగోలు దగ్గరి చీమకుర్తి గనుల బ్లాక్ గెలాక్సీ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ చుక్కలు రాతిలోని బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు. వాటి ఛాయ గోధుమ, బంగారు వన్నెల వైపుది. దంతపు రంగూ, టేకూ అదే వైపువి. అంటే మీ గది ఇప్పటికే వెచ్చని రంగుల పక్షాన ఉంది. నీలి ఛాయ ఉన్న తెలుపును గానీ, ఉక్కు బూడిదను గానీ తెచ్చి పెడితే, తప్పు కొత్త రంగుదైనా పాత టైల్స్ మాసిపోయినట్లు కనిపిస్తాయి.

మీ అమ్మాయి కోరిన ముదురు నీలం విడిగా చూస్తే అందమైన రంగే. నల్ల గ్రానైటు కింద పెట్టినప్పుడే చిక్కు. 19వ శతాబ్దం తొలి సగంలో పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగాన్ని చూసుకున్న షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, నల్ల ఉన్ని సరిగా రంగు పట్టడం లేదని, పాలిపోతున్నదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. నీలం, ఊదా దారాల పక్కన నేసినందువల్లనే ఆ నలుపు బలహీనంగా కనబడుతున్నది. పక్కపక్కనున్న రంగులు ఒకదాని రూపును మరొకటి మారుస్తాయన్న ఆ సూత్రాన్ని ఆయన 1839లో వివరంగా ప్రకటించాడు. మీ వంటగట్టుకూ అదే వర్తిస్తుంది. ముదురు నీలం పైన నల్ల రాయి తన నిగారింపు కోల్పోతుంది, నల్ల రాయి కింద నీలం నలుపులో కలిసిపోతుంది. ఖర్చు పెట్టి తెచ్చిన రంగు రాత్రి పూట రంగుగానే కనిపించదు.

అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. వయసు పెరిగే కొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, కంటిపాప కూడా చిన్నదవుతుంది. అందువల్ల లోపలికి చేరే వెలుగు తగ్గుతుంది, అందులోనూ నీలి వెలుగు మరింత తగ్గుతుంది. డెబ్బై దాటినవారికి ముదురు నీలానికీ నలుపుకూ తేడా పట్టుకోవడం కష్టం కావడం మామూలే. గట్టు అంచు ఎక్కడ ముగిసిందో, తలుపు ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనబడకపోతే, వేడి గిన్నె దించేటప్పుడు అంచు దొరకదు. కాబట్టి గట్టుకూ దాని కింది తలుపులకూ మధ్య స్పష్టమైన తేడా ఉండాలన్నది అందం గురించిన మాట మాత్రమే కాదు, ఆవిడ క్షేమానికి సంబంధించినది కూడా. వాస్తు పట్టించుకునే ఇల్లయితే ఆగ్నేయంలో నీలం వద్దన్న మాట మీకు ఎలాగూ వినబడే ఉంటుంది. ఆ నమ్మకం ఉన్నా లేకపోయినా ఈ గదిలో నీలాన్ని నేను వద్దనే అంటాను.

మీవారు అడిగిన ఎరుపు వెచ్చని రంగే, గ్రానైటుతో పేచీ లేనిదే. అయితే ఎరుపు ఇరుకు గదిలో అంత విస్తీర్ణం నిండా పరుచుకుంటే, మిగతా దేనినీ చూడనివ్వదు. నిగనిగలాడే తలుపు మీద నూనె వేళ్ల గుర్తులు, గుడ్డతో తుడిచిన గీతలు, ప్లైవుడ్‌లోని చిన్న చిన్న ఎత్తుపల్లాలు కూడా బయటపడతాయి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉన్న ఇళ్లలో సింకు కింది తలుపుల మీద చిందిన నీటిచుక్కలు ఆరి తెల్లటి మరకలుగా మిగులుతాయి. ముదురు రంగు, నిగారింపు రెండూ కలిసినప్పుడు అవి మరీ కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి. ఇప్పుడు కేటలాగు పుటలో మెరుస్తున్న ఎరుపును మీ ఇంట్లో రోజుకు రెండుసార్లు తుడిచే ఓపిక ఎవరికి ఉంటుందో ముందే ఆలోచించుకోవడం మంచిది.

గది మొత్తం తెలుపే పెడితే ఏమని కూడా మీకు తోచవచ్చు. చీకటి తీరుతుంది, నిజమే. అయితే దంతపు రంగు టైల్స్ పక్కన పాలలాంటి తెలుపు పెడితే టైల్స్ పాతబడినట్లు అనిపిస్తాయి, గట్టు కింద తెలుపు అయితే పోపు చిట్లినప్పుడల్లా, అడుగు మోపినప్పుడల్లా మరక కనిపిస్తుంది. అందుకే పైన తెలుపు అన్నాను గానీ అది మీగడ రంగుకు దగ్గరి తెలుపు, మీ టైల్స్ కన్నా ఒక పిసరు లేతది. టైల్స్‌కు అచ్చంగా సరిపోయేదాన్ని వెతుకుతూ కూర్చోవద్దు. దాదాపు సరిపోయి కొద్దిగా తేడా వస్తే పొరపాటులా ఉంటుంది, ఒక మెట్టు లేతగా ఉంటే కావాలని చేసినట్లుంటుంది. పై కప్‌బోర్డులకూ సజ్జకూ ఒకే రంగు వేయించండి. సజ్జ తలుపులకు వేరే ముదురు రంగు వేస్తే పైకప్పు కిందికి దిగినట్లనిపిస్తుంది, 8 అడుగుల వెడల్పు గదికి ఆ బరువు అవసరం లేదు.

ఇక కింది ఆకుపచ్చ సంగతి. ఆకుపచ్చ పక్కన నలుపుకు కంటికి తెలిసీ తెలియనంత ఎరుపు ఛాయ వస్తుంది, అది గ్రానైటులోని రాగి చుక్కలకు తోడవుతుంది. టేకు నారింజ వైపు మొగ్గే గోధుమ రంగు కనుక, బూడిద కలిసిన పచ్చ సమీపంలో ఉంటే గుమ్మం మరింత నిండుగా కనబడుతుంది. అంటే ఇప్పటికే ఇంట్లో ఉన్న రెండు మంచి వస్తువులకు, రాయికీ చెక్కకూ, ఈ రంగు మేలు చేస్తుంది. పైగా అది మరీ లేతదీ కాదు, మరీ ముదురుదీ కాదు. దుమ్మునూ నూనె చుక్కనూ కొంతవరకు కప్పిపుచ్చేది ఇలాంటి నడిమి రంగులే. చిలకపచ్చ వద్దు, అది ఎరుపు లాగే గదిని ఆక్రమిస్తుంది. మన ఇళ్ల గోడలకు విరివిగా వేసే పిస్తా రంగూ వద్దు, అది ట్యూబ్‌లైటు కింద పాలిపోతుంది, నల్ల రాతి బరువును మోయలేదు.

ఏ రంగు ఎంత మేర ఉండాలన్నది చెప్పడానికి మీకూ నాకూ దగ్గరలోనే ఉన్న మంగళగిరి చీర చాలు. చీర నిండా ఒకే నేత రంగు ఉంటుంది, అంచుకు మరో రంగు ఉంటుంది, జరీ సన్నగానే ఉంటుంది; మూడూ సమానంగా ఉంటే కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. మీ గదిలో గోడలూ టైల్స్ పై కప్‌బోర్డులూ కలిసి ఒకటే మీగడ రంగు, గట్టు కింది పచ్చ అంచు, గ్రానైటు నల్లని గీత. దీని మీద మరో రంగు చేర్చాలంటే అది జరీ అంత సన్నగా ఉండాలి.

ఇంట్లో ఎవరికైనా పచ్చ అసలే నచ్చకపోతే, చెక్క గీతలున్న లామినేటుకు, అంటే ప్లైవుడ్ తలుపు మీద అతికించే పలుచని షీటుకు, వెళ్లండి. కానీ టేకులా కనిపించేది ఎంచుకోకండి. నిజమైన టేకు గుమ్మం పక్కన అచ్చువేసిన టేకు నిలబడితే, అచ్చుది వెలవెలబోతుంది, అసలుదానికీ విలువ తగ్గుతుంది. ఓక్ పేరుతో వచ్చే, కొంచెం పాలిపోయిన గోధుమ రంగు లామినేటు అయితే టేకుతో పోటీ పడదు. అలాంటప్పుడు చెక్క గీతలు అన్ని తలుపులకూ నిలువుగానే రావాలని కార్పెంటరుకు ముందే గట్టిగా చెప్పండి. షీటు మిగుల్చుకునేందుకు కొన్ని తలుపులకు అడ్డంగా కోసి అతికించడం తరచూ జరిగే పని, ఆ తర్వాత దాన్ని సరిచేయడం సాధ్యం కాదు.

రంగు ఖరారు చేసేముందు లైటు సంగతి తేల్చుకోండి. ఈ వరుసను చాలామంది తలకిందులుగా చేస్తారు. మీ గదికి సూర్యుడు నేరుగా వచ్చేది కాసేపే, మిగతా సమయమంతా పక్కింటి గోడ మీద పడి తిరిగి వచ్చే వెలుగే దిక్కు. ఆ గోడకు గులాబీ రంగు ఉంటే మీ కిటికీలోంచి వచ్చేది గులాబీ ఛాయ ఉన్న వెలుగు, ఆకుపచ్చ ఉంటే పచ్చటి వెలుగు. ఒకసారి మధ్యాహ్నం లైట్లు ఆర్పి, కిటికీ దగ్గర ఒక తెల్ల కాగితం పట్టుకుని చూస్తే మీకే తెలుస్తుంది. ఇక మన వంటగదుల్లో మామూలుగా ఉండేవి 6500 కెల్విన్ తెల్లటి ట్యూబ్‌లైట్లు. వాటి వెలుగులో నీలి పాలు ఎక్కువ కనుక మీగడ రంగు జీవం తగ్గి బూడిదబారినట్లుంటుంది. 2700 కెల్విన్ పసుపు దీపాలు పెడితే పచ్చ మట్టిరంగులోకి జారుతుంది. 4000 కెల్విన్ లైట్లు ఈ రెండు రంగులకూ సరిపోతాయి. వస్తువుల రంగులను లైటు ఎంత సరిగ్గా చూపిస్తుందో చెప్పే సీఆర్‌ఐ అన్న అంకె డబ్బా మీద 90 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవి తీసుకుంటే కూరగాయల తాజాదనం, పోపు వేగిన రంగు కూడా సరిగ్గా తెలుస్తాయి. పై కప్‌బోర్డుల అడుగున, ముందు అంచు వైపు సన్నటి ఎల్‌ఈడీ పట్టీ తప్పనిసరిగా పెట్టించండి. గది మధ్యలో ఎంత పెద్ద లైటు ఉన్నా, గట్టు వైపు తిరిగి నిలబడిన మనిషి నీడ ఆవిడ చేతుల మీదే పడుతుంది. మీ అత్తగారు చీకటి అన్నప్పుడు సగం ఈ నీడ గురించే అయి ఉంటుంది.

లైట్లు మార్చిన తర్వాత నమూనాలు తెప్పించుకోండి. కేటలాగులో అరచేతిలో సగం కూడా ఉండని ముక్కను చూసి నిర్ణయించవద్దు. ఒకే రంగు పెద్ద మేరలో మరింత గాఢంగా కనిపిస్తుంది. దుకాణంలో అడిగితే పెద్ద ముక్క ఇస్తారు, ఇవ్వకపోతే ఒక చిన్న కొలత డబ్బు చెల్లించి అయినా తెచ్చుకోవచ్చు. పచ్చ ముక్కను చేతిలో పట్టుకుని కాక, గట్టు కింద ఇప్పుడున్న తలుపుకు నిలువుగా అంటించి చూడండి, ఎందుకంటే గట్టు నీడలో ప్రతి రంగూ ఒక మెట్టు ముదురుతుంది. మీగడ ముక్కను టైల్స్‌కు ఆనించి పెట్టండి. పగలు ఒకేలా ఉన్న రెండు మీగడ రంగులు రాత్రి లైటు కింద వేరుపడడం సాధారణమే కనుక ఉదయం, సాయంత్రం, రాత్రి మూడు వేళలా చూడండి. మరొక పని చేయండి: గట్టూ టైల్స్ నమూనాలూ అన్నీ వచ్చేలా ఫోనుతో ఫొటో తీసి దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. పచ్చ ముక్క గ్రానైటుకూ టైల్స్‌కూ నడుమ స్పష్టమైన మధ్యస్థపు బూడిదగా కనిపిస్తే మీ ఎంపిక సరైనది. గ్రానైటులో కలిసిపోతే ఆ రంగు మీ అత్తగారి కంటికీ అలాగే కలిసిపోతుంది. నమూనా వెనక ఎల్‌ఆర్‌వీ అన్న అంకె అచ్చువేసి ఉంటే అది వెలుగును ఎంత తిప్పి పంపుతుందో చెబుతుంది. 0 నలుపుకు, 100 తెలుపుకు. పై రంగు 70కి తగ్గకుండా, కింది రంగు 25 నుంచి 40 లోపల ఉండేలా చూసుకుంటే చాలు.

గుంటూరు వంటింట్లో రంగుకు మరో పరీక్ష కూడా ఉంది. పసుపు, కారం కలిపిన నూనెను రెండు నమూనాల మీదా రాసి రాత్రంతా వదిలేసి, తెల్లవారి సబ్బు నీళ్లతో తుడవండి. పసుపులోని కర్‌క్యుమిన్ అనే రంగు సబ్బు లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది కనుక, మొదట ఎర్రటి మరక కనిపిస్తే కంగారు పడకండి. శుభ్రమైన నీళ్లతో మళ్లీ తుడిచిన తర్వాత ఏమి మిగిలిందన్నదే లెక్క. చేతికి గరుకుగా తగిలే, లోతైన గీతలున్న లామినేట్లలో నూనె జిడ్డు దిగబడి వదలదు, చూడడానికి ఎంత బాగున్నా పొయ్యి దరిదాపుల్లో అవి వద్దు. కింది తలుపులకు నునుపైన, మెరవని మ్యాట్ లేక స్యూడ్ రకం, పై తలుపులకు అతి తక్కువ మెరుపున్న శాటిన్ సరిపోతాయి. చిమ్నీ ఉన్నా పోపు ఆవిరి పై కప్‌బోర్డుల మీద చేరక తప్పదు. మీగడ రంగు మీద ఆ జిడ్డు త్వరగా కనిపిస్తుంది కాబట్టి త్వరగా తుడుస్తారు, దీన్ని నేను లోపంగా అనుకోను.

మీవారి ఎరుపును పూర్తిగా కాదనక్కర్లేదు. పై కప్‌బోర్డుల వరుసలో ఒక రెండడుగుల మేర తలుపు లేకుండా తెరిచిన అరగా వదిలి, దాని వెనక పలకకు మాత్రం ఎండుమిర్చి రంగు వేయించండి. నిగారింపు కూడా అక్కడ ఉండవచ్చు, చేయి తగిలే చోటు కాదు. మీ అమ్మాయికి నచ్చినది నీలం కన్నా కింద ముదురు పైన లేత అన్న పద్ధతి అని నా ఊహ. ఆ పద్ధతి ఈ జతలో ఎలాగూ ఉంది.

చిన్న విషయాలు త్వరగా చెప్పేస్తాను. తలుపుల లోపలి వైపుకు, అరలకు తెలుపు చాలు. కడప బండలు నల్లగా ఉంటాయి కాబట్టి అర లోపల ఏమున్నదీ తెలియదు; వాటికి తెల్ల ఎనామిల్ పెయింటు వేయిస్తే డబ్బాలూ బొద్దింకలూ రెండూ కనిపిస్తాయి. నేలకు ఆనే నాలుగంగుళాల స్కర్టింగు నల్లదే పెట్టించండి, తడి గుడ్డ దెబ్బ దానికే తగులుతుంది. తలుపుల అంచుల పట్టీ తలుపు రంగులోనే ఉండాలి. హ్యాండిళ్లు మెరవని ఇత్తడి రంగులో, నాలుగు వేళ్లూ పట్టేంత పెద్దవిగా తీసుకోండి; గ్రానైటు చుక్కలకూ అవి సరిపోతాయి, మీ అత్తగారి చేతికీ సుఖం.

కొనేటప్పుడు లెక్క ఇలా వేసుకోండి. లామినేటు షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అంటే 32 చదరపు అడుగులు. బయటి వైపుకు 1 మిల్లీమీటరు మందం అడగండి. గట్టు లోతు రెండడుగులు అనుకుని మూల తీసేస్తే ముందు వైపు సుమారు 14 అడుగులు, తలుపు ఎత్తు రెండుంపావు అడుగులు అనుకుంటే కింద 31.5 చదరపు అడుగులు అవుతుంది, కోతకు రెండు షీట్లు కావాలి. పైన కప్‌బోర్డులకు, సజ్జకు కలిపి 60కి కాస్త అటూ ఇటూ వస్తుంది. కోతలో పోయేది కలిపితే మూడు షీట్లు పట్టవచ్చు. మూడో రంగు ఎక్కువ మేర పెట్టుకోవాలంటే దానికీ పూర్తి షీటు కొనాలి కాబట్టి, ఎండుమిర్చి పలకకు షీటు కొనకుండా కార్పెంటరు దగ్గర మిగిలిన ముక్క ఉందేమో అడగండి, లేకపోతే ఆ ఒక్క పలకకు పెయింటు వేయించండి. ఒకే రంగు షీట్లన్నీ ఒకేసారి, ఒకే లాటు నుంచి తీసుకోండి; కొన్ని నెలల తర్వాత అదే నంబరు అడిగినా ఛాయ కొద్దిగా మారి రావచ్చు. షీటు వెనక ఉన్న కంపెనీ పేరూ రంగు నంబరూ ఫొటో తీసి ఉంచుకుని, కోయగా మిగిలిన ముక్కల్లో ఒక తలుపుకు సరిపడే పెద్ద ముక్కను, రెండు రంగుల్లోనూ, సజ్జ మీద దాచమని కార్పెంటరుకు పని మొదలుపెట్టేముందే చెప్పండి.